నీళ్లు వద్దు, దవడ ఎత్తండి

రోడ్డు మీద మనిషి పడిపోతే మన ఊళ్లలో ముందు వచ్చేది నీళ్ల సీసా. ఒకరు తల ఎత్తి ఒళ్లో పెట్టుకుంటారు, ఇంకొకరు నోట్లో నీళ్లు పోస్తారు, మరొకరు చెంపలు తడుతూ పిలుస్తారు. ముక్కూ మొహం తెలియనివాడి కోసం పరుగెత్తుకొచ్చిన మంచి మనుషులే అందరూ. కానీ పడినవాడికి స్పృహ లేకపోతే ఆ మూడు పనుల్లో మొదటి రెండూ ప్రాణం తీయవచ్చు. మనం మింగే ప్రతిసారీ గాలిగొట్టం మీద ఉపజిహ్విక అనే మూత వాలి దారి మూస్తుంది. పొరపాటున చుక్క అటు పోతే దగ్గు వచ్చి బయటికి నెడుతుంది. స్పృహ తప్పితే ఈ రెండు కాపలాలూ ఉండవు, పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. తల ఎత్తి పెట్టడం వల్ల గడ్డం ఛాతీకి ఆని, బిగువు సడలిన నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. ఇక్కడ తెలియాల్సిన సంగతి ఒక్కటే: నాలుక కింది దవడను పట్టుకుని ఉంటుంది. మనిషిని వెల్లకిలా ఉంచి, ఒక అరచెయ్యి నుదుటి మీద ఆనించి, రెండో చేతి వేళ్లతో గడ్డం ఎముకను పైకెత్తితే దవడతో పాటు నాలుకా ముందుకొస్తుంది. గురక లాంటి చప్పుడు ఆగి ఊపిరి ఆడుతుంది. ఊపిరి సరిగా ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వాంతి అయినా నోటి నుంచి బయటికే పోతుంది.

ప్రథమ చికిత్సను మనం చేయాల్సినవి, చేయకూడనివి అంటూ ఒక జాబితాలా నేర్పుతున్నాం. శరీరం లోపల ఏది ఎక్కడుందో చెప్పడం డాక్టర్ల చదువుకు వదిలేశాం. నా వాదన దీనికి పూర్తిగా ఎదురు. కంగారులో జాబితా మరిచిపోతాం, లోపలి బొమ్మ ఒకసారి మనసులో పడితే చెయ్యి దాన్ని బట్టి పోతుంది. ఈ అవసరం చిన్నదేమీ కాదు: 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మంది ప్రాణాలు తీశాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. అయినా ఎంత వేగంగా వచ్చే అంబులెన్సుకైనా కొన్ని నిమిషాలు పడుతుంది. గుండె ఆగాక మెదడు దెబ్బతినడం మొదలవడానికి నాలుగైదు నిమిషాలు చాలు. ఛాతీ నొక్కేవారు లేకపోతే గడిచే ప్రతి నిమిషం బతికే అవకాశాన్ని ఏడు నుంచి పది శాతం కోసేస్తుంది. ఆ నిమిషాల్లో పక్కన ఉండేది ఆటో డ్రైవరు, ట్రాఫిక్ కానిస్టేబులు, ఆశా కార్యకర్త, టీ కొట్టు మనిషి.

గుండె సంగతే చూడండి. గుండె ఎడమ పక్కన ఉంటుందని చిన్నప్పటి నుంచి విన్న మనిషి, ఆగిన గుండెను లేపాలంటే ఎడమ రొమ్ము మీద గుద్దుతాడు. నిజానికి గుండె ఎక్కువ భాగం రొమ్ము ఎముక వెనకాలే, ఆ ఎముకకూ వెన్నెముకకూ మధ్య ఉంటుంది. కొన మాత్రం ఎడమకు వాలి ఉంటుంది. 1960లో జాన్స్ హాప్కిన్స్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే పరిశోధకులు ఛాతీ కోయకుండానే బయటి నుంచి నొక్కి రక్తం పారించవచ్చని చూపించినప్పుడు ఆధారం ఈ అమరికే. అందుకే నొక్కాల్సింది నడిమధ్య, రొమ్ము ఎముక కింది సగం మీద. పెద్దవాళ్లకు 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఇంతవరకూ చాలామంది నేర్చుకుంటారు. నొక్కిన తర్వాత పూర్తిగా వదలాలన్న మాట దగ్గరే జారిపోతారు. గుండెలోకి రక్తం తిరిగి నిండేది వదిలినప్పుడే. గుండె కండరానికి దాని సొంత రక్తనాళాల్లో రక్తం పారేది కూడా ఎక్కువగా ఆ సడలింపులోనే. ఇది తెలిసినవాడు అలసిపోయినా ఛాతీ మీద బరువు వాల్చి ఉండడు. 2023లో తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అలాంటి ప్రతి శిక్షణలోనూ ఈ కారణం కూడా చెప్పాలని నా కోరిక.

అర్థం తెలియని నియమం ఎంత ప్రమాదమో కట్టు విషయంలో ఇంకా బాగా తెలుస్తుంది. తొడ తెగి రక్తం చిమ్ముతుంటే, గాయం మీద గట్టిగా అదిమి పట్టినా ఆగకపోతే, దానికి పైన వెడల్పాటి గుడ్డతో బిగించి కట్టడం ప్రాణం కాపాడుతుంది. గజ్జల్లో నుంచి దిగే పెద్ద ధమని తెగితే, పెద్దవాళ్ల ఒంట్లో ఉండే సుమారు అయిదు లీటర్ల రక్తంలో ప్రాణానికి సరిపడా నష్టం కొద్ది నిమిషాల్లో జరిగిపోతుంది. అదే కట్టు పాముకాటుకు కడితే కాలికి రక్తం ఆగి కండ చచ్చిపోవచ్చు, విషం మాత్రం ఆగదు. దేశంలో ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని అంచనా. కాటు విషం చాలావరకు చర్మం కింది శోషరస నాళాల వెంట పాకుతుంది, దాన్ని ముందుకు తోసేది కండరాల కదలికే. అందుకే కరిచిన కాలిని బద్దతో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకుపోవాలి. కట్లపాము కాటు ఒక్కోసారి కంటికి కూడా కనిపించదు. కడుపునొప్పి వస్తుంది, రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి తీసే కండరాలే చచ్చుబడతాయి. గుండె మాత్రం ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. దారిలో ఆ మనిషికి ఊపిరి ఊదుతూ ఆసుపత్రికి చేర్చగలిగితే, విరుగుడు మందు పనిచేసే వ్యవధి దొరుకుతుంది.

అరకొర జ్ఞానం మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుందని డాక్టర్లలోనే కొందరు అంటారు. ఆ భయం నిరాధారం కాదు. మెడలోని మూడో, నాలుగో, అయిదో నాడులు కలిసి ఊపిరి తీయించే డయాఫ్రం కండరాన్ని నడిపిస్తాయి. మెడ విరిగిన మనిషిని చేయి ఒకరూ కాలు ఒకరూ పట్టి లాగి ఆటోలోకి ఎక్కిస్తే, అక్కడితో ఊపిరే ఆగవచ్చు. కానీ ఆ లాగుడు ఇప్పటికే, ఏ జ్ఞానమూ లేకుండానే రోజూ జరుగుతోంది. మెడ గురించి తెలిసిన మనిషే తలనూ మొండేన్నీ ఒకే గీతలో ఉంచి కదుపుతాడు, మెడ వంచకుండా దవడ మూలల దగ్గర వేళ్లు పెట్టి ముందుకు తోస్తాడు. అలా తోసినా గాలి ఆడకపోతే గడ్డం ఎత్తక తప్పదు, ఊపిరి లేని మనిషికి మెడ దక్కినా ఫలం లేదు. ఛాతీ నొక్కితే పక్కటెముకలు విరుగుతాయంటారు. నిజమే, విరగవచ్చు. విరిగిన ఎముక కొన్ని వారాల్లో అతుకుతుంది. ఇక కేసుల భయం: 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేరిన 134ఏ సెక్షను సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ ఇస్తున్నాయి. ఈ సంగతి ప్రతి పోలీస్ స్టేషన్ గోడ మీదా తెలుగులో రాసి ఉండాలి.

చదువు లేనివాళ్లకు శరీర నిర్మాణం ఎక్కడ ఎక్కుతుందనే మాట మాత్రం నేను ఒప్పుకోలేను. కడుపు ఉబ్బిన గేదెకు ఎడమ డొక్క చూడాలని పాడి రైతుకు తెలుసు. తన ఒంట్లో తొడ నాడి ఎక్కడ కొట్టుకుంటుందో వేలితో వెతికి పట్టుకోవడానికి ఆయనకు పుస్తకం అక్కర్లేదు, పక్కన కూర్చుని చూపించే మనిషి ఒకరు కావాలి. కండక్టరు లైసెన్సుకు ప్రథమ చికిత్స ధ్రువపత్రం అడిగే పద్ధతి మనకు ఉండనే ఉంది. డ్రైవింగ్ లైసెన్సుకు వచ్చే ప్రతి ఒక్కరికీ ఒక గంట కేటాయించి, దవడ మూల, రొమ్ము ఎముక కింది సగం, గజ్జల్లో నాడి, ఈ మూడూ సొంత ఒంటి మీద పట్టించి, పట్టుకోలేనివారిని మళ్లీ పిలవాలి. ఎనిమిది ఆకారంలో బండి తిప్పడానికి పెట్టే పరీక్ష పక్కనే దీనికీ ఒక బల్ల వేయవచ్చు.