అబద్ధం పట్టుకో... ఇంగ్లీషు నేర్చుకో!

"మా అమ్మాయి ఇంగ్లీషు పాఠం గడగడా చదివేస్తుందండీ వదినగారూ!" అంది పక్కింటావిడ మురిసిపోతూ. నిజంగానే చదివింది. ఎక్కడా తడుముకోలేదు. "ఇంతకీ కథలో ఏం జరిగిందే?" అన్నాను. పిల్ల తల దించేసుకుంది. తల్లి మొహం చిన్నబోయింది.

నాకు నా ఏడో తరగతి గుర్తొచ్చింది. క్లాసులో ఒకరి తర్వాత ఒకరం లేచి తలో పేరా చదవాలి. ముందున్నవాళ్ళని లెక్కపెట్టుకుని, నా వంతుకొచ్చే పేరా బట్టీ పట్టేదాన్ని. మిగతా పాఠం బుర్రకెక్కితే ఒట్టు! డిగ్రీ దాకా ఆ భయం పోలేదు.

అందుకే ఆదివారాలు నలుగురైదుగురు పిల్లల్ని మా వసారాలో కూర్చోబెట్టుకుంటున్నాను. మొదటి వారం పేజీడు రాసి చదివించాను. సగంలోనే ఆవలింతలు! తప్పు నాదే. ఎందుకు చదవాలో వాళ్ళకి చెప్పలేదు మరి.

రెండో వారం పద్ధతి మార్చాను. ముందు కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం గురించి తెలుగులోనే మాట్లాడించాను. ఒకటే గోల! ఆ కబుర్లలోంచే క్రౌడ్, షోల్డర్, క్రాస్ అని మూడంటే మూడు మాటలు రాసి, భుజం తట్టి, చెయ్యి ఊపి అర్థం చెప్పాను.

తర్వాత తీర్థం మీద నేను రాసిన ఆరు చిన్న ఇంగ్లీషు వాక్యాలిచ్చి, "ఇందులో ఒక అబద్ధం ఉంది. మనసులో చదువుకుని పట్టుకోండి" అన్నాను. తెలియని మాట దగ్గర ఆగిపోకుండా, ముందూ వెనకా చూసి ఊహించమన్నాను. అయిదు నిమిషాలు చడీచప్పుడూ లేదు. ఆ తర్వాత ఇద్దరిద్దరు చొప్పున గుసగుసలు.

గట్టిగా అరిచింది మన గడగడల పిల్లే! "అత్తయ్యగారూ, అయిదోది అబద్ధమండీ! గంగలకుర్రు ప్రభలు బ్రిడ్జి మీంచి రావండీ, కౌశికలో దిగొస్తాయి!"

అర్థమైతేనే కదా అబద్ధం దొరికేది! ఆ వాక్యాన్ని వాళ్ళచేతే సరిచేయించి, చివర్లో నేను పైకి చదివాను. నాతోపాటు వాళ్ళూ చదివారు. పైకి చదవడం ఆఖరున ఉండాలని నాకు ఆ రోజే తెలిసింది.

"మాకు ఇంగ్లీషు రాదుగా" అనకండి. 2020-21లో మన సర్కారు బడులకి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకాలొచ్చాయి. అలాంటిది ఇంట్లో ఉంటే, తెలుగు పేజీ చూసి ఒక్క సంగతి మార్చి చెప్పండి. నిజమేమిటో ఇంగ్లీషు పేజీలో వేలు పెట్టి చూపించమనండి. పిల్లలు పట్టుకుంటే మీరు ఓడిపోయినట్టే. ఆ ఓటమి ఎంత బావుంటుందో!