లేక్ డిస్ట్రిక్ట్ అందం ఎవరి చలవ?

ఇంగ్లండ్ వాయవ్యాన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ కొండలను 18వ శతాబ్ది తొలినాళ్లలో చూసిన రచయిత డేనియల్ డీఫో, ఇంత బీడు ప్రాంతం, ఇంత భయం పుట్టించే చోటు దేశంలోనే లేదన్నాడు. అవే కొండలు, అవే సరస్సులు వందేళ్లు తిరక్కుండానే యాత్రికులతో కళకళలాడాయి. మారింది ప్రకృతి కాదు, చూపు. 1769లో కవి థామస్ గ్రే చేతిలో చిన్న అద్దం పట్టుకుని అక్కడి కెస్విక్ పట్టణం చుట్టూ తిరిగాడు. కాస్త ఉబ్బెత్తుగా, నలుపు పూతతో ఉండే ఆ అద్దంలో, దృశ్యానికి వీపు తిప్పి నిలబడితే సరస్సు తైలవర్ణ చిత్రంలా కనిపించేది. అది పట్టుకుని నడుస్తూనే ఆయన బురదదారిలో వెల్లకిలా పడ్డాడు. అయినా సూర్యాస్తమయం చూసే కదిలాడు. 1778లో థామస్ వెస్ట్ రాసిన యాత్రా గైడు ఏ సరస్సును ఎక్కడ నిలబడి చూడాలో కూడా చెప్పింది.

రోడ్లు బాగుపడటం వల్లే జనం వచ్చారనీ, ఫ్రాన్స్‌తో యుద్ధాలు యూరప్ యాత్రలకు అడ్డుపడ్డాయనీ అనవచ్చు. నిజమే. కానీ రోడ్డు మనిషిని చేరుస్తుందే తప్ప, ఏది చూడదగ్గదో చెప్పదు. ఆ పని పుస్తకాలు చేశాయి. తానూ ఒక గైడు రాసిన కవి వర్డ్స్‌వర్త్, 1844లో అక్కడికి రైలు మార్గాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ప్రశాంతత చెడుతుందన్న ఆయన బెంగ అర్థమవుతుంది. కానీ అందం చదువుకున్న కొద్దిమందికే దక్కాలనడం న్యాయం కాదు. 1847లో రైలు రానే వచ్చింది. 2017లో యునెస్కో ఈ ప్రాంతానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చినప్పుడు, కవులతోపాటు అక్కడి గొర్రెల పెంపకాన్నీ లెక్కలోకి తీసుకుంది. తరతరాలుగా ఆ కొండలను మేతభూములుగా నిలిపిన కాపరులకు ఆ గౌరవం ఆలస్యంగానే దక్కింది.