మందకాపరి కంబళి



వేరుసెనగ కోతలైన పిదప తనకల్లు పొలములలో గొఱ్ఱెల మందలు దిగుట మీ రెఱిగినదే. ఎరువు కొఱకు రైతు మంద పెట్టించును. కాపరి ఆ రాత్రులన్నియు ఆరుబయట గడపును. అతనికి పరుపును, దుప్పటియు కంబళియే. ఆ కంబళిలోనికే పురుగు చేరినచో నేమగును?

దోమ రొద చేయును, పిడుదు కంటికి కనబడును. కాని పొదలయందును, ఎలుకలు తిరుగు గట్లమీదను మిక్కిలి సూక్ష్మమైన పురుగుపిల్ల యొకటి యుండును. అది కుట్టినను నొప్పి తెలియదు. దానివలన కలుగు జ్వరమునకు స్క్రబ్ టైఫస్ అని పేరు. కుట్టిన 6 మొదలు 21 దినములలో జ్వరము, తలనొప్పి, ఒడలి నొప్పులు వచ్చును. కొందఱికి చంకలోనో, నడుమునొద్దనో చుట్టతో కాల్చినట్లు నల్లని పక్కు కట్టును. ఉపేక్షించినచో ప్రాణమునకే ముప్పు. సకాలమున వైద్యుని దర్శించినచో డాక్సీసైక్లిన్ అను మందుతో సాధారణముగా కుదురును.

రెండవ ప్రపంచ యుద్ధమున అస్సాము, బర్మా అడవులలో ఈ జ్వరము సైనికులను మిక్కిలి పీడించెను. పురుగు బట్టలమీదుగా ఒంటికి ప్రాకునని గ్రహించి, నాడు బట్టలకే మందు పట్టించిరి. నేడు అందులకు పెర్మెత్రిన్ అను మందు వాడుదురు. చేమంతి జాతి పూవులయందలి సహజ విషము ననుసరించి 1973లో దీనిని కల్పించిరి. నూటికి అరపాలు మాత్రమే మందుండునట్లు బట్టలకొఱకే తయారైన ద్రవమును ఆరుబయట చల్లి, పూర్తిగా ఆరిన పిదప కట్టుకొనవలెను. ఒంటికి పూయరాదు. తడిగా నున్నపుడు పిల్లులకును, నీట కలిసినచో చేపలకును ప్రాణాంతకము. చేలకు చల్లు పురుగుమందును, గొఱ్ఱెల పిడుదులమందును కంబళికి వాడుట అపాయకరము. వాని పాళ్లు వేఱు.

మందు దొరకనివారును నిరాశ చెంద నక్కఱలేదు. కంబళిని పొదపైనను, గడ్డిపైనను ఆరవేయక త్రాటిమీద ఎండలో వేయవలెను. పండుకొనుచోట పొదలు కొట్టించి, కుక్కిమంచమైనను వేసికొనవలెను. ఇల్లు చేరినంతనే బట్టలు విప్పి, వేడినీట ఉదికి, స్నానము చేయవలెను.

పెద్దలారా, మంద పెట్టించుకొన్న రైతు కాపరికి గింజలు కొలిచి యిచ్చుట మన ఆచారము. దానితోపాటు ఒక మంచమును కూడ ఇచ్చుట ధర్మము. అతనికి జ్వరము వచ్చినచో, ఎండదెబ్బయని యూరకుండక, ఒంటిపై నల్లపక్కు కలదేమో చూచి, లేకున్నను తడవు చేయక ఆసుపత్రికి పంపుడు. పొదలలో తిరిగిన సంగతి వైద్యునికి తెలుపుమనుడు. ఆ యొక్క మాట ప్రాణము నిలుపవచ్చును.