ఒకే ఇంటి బూజులు

ఉల్లిపాయ పైపొర ఒలవగానే చేతికి కాటుకలా అంటుకునే నల్లపొడి గుర్తుందా? 2021లో కొవిడ్ రెండో విడతలో ఆ పొడే జనాన్ని హడలెత్తించింది. 'బ్లాక్ ఫంగస్ అంటే ఇదే' అని సెల్‌ఫోన్లలో ఒకటే పుకార్లు! నిజానికి ఆ జబ్బు తెచ్చిన బూజులది మ్యూకరేలిస్ అనే వేరే తెగ. ఉల్లి మీది నల్లపొడి ఆస్పర్‌జిల్లస్ నైగర్, దాని దగ్గరి చుట్టాలది. రంగు చూసి బూజుకి పేరు పెడితే వచ్చే తంటా ఇదే.

మరి దేన్ని చూసి పెడతారు? మొదట ఆకారాన్ని. 1729లో ఇటలీ వృక్షశాస్త్రవేత్త మికేలీ ఒక బూజుని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. సన్నని కాడ, కొసన ఉబ్బెత్తు బుడిపె, దాని చుట్టూ పూసల దండల్లా విత్తనాలు (వాటినే సిద్ధబీజాలంటారు). చర్చిలో పవిత్రజలం చిలకరించే సాధనం గుర్తొచ్చి, దాని పేరుమీదే ఆస్పర్‌జిల్లస్ అన్నాడు. మనవాడైతే పెళ్లిలో పన్నీరు బుడ్డి అనేవాడేమో! కాడ కొసన బుడిపె లేకుండా కుంచెలా చీలితే అది పెన్సిలియం. ఈ రెండూ ఆస్పర్‌జిల్లేసీ అనే ఒకే కుటుంబంలోవి.

ఈ ఇంట్లో పేర్ల గొడవ కూడా తక్కువేం కాదు. చాలా బూజులు జత కట్టకుండానే పిల్లల్ని పుట్టిస్తాయి. కొన్ని మాత్రం రెండు పద్ధతులూ పాటిస్తాయి. దాంతో ఒకే బూజుకి రెండు దశల్లో రెండు పేర్లు! 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ 'ఒక శిలీంధ్రానికి ఒకే పేరు' అని తేల్చేసింది. ఇప్పుడు చుట్టరికాలు చెప్పేది ప్రధానంగా డీఎన్ఏనే.

కుటుంబంలో ప్రయోజకులకు కొదవలేదు. 1928లో ఫ్లెమింగ్‌కి పెన్సిలిన్ చూపించింది ఒక పెన్సిలియం. కూల్‌డ్రింకుల్లో పులుపు కోసం వేసే సిట్రిక్ ఆమ్లాన్ని ఫ్యాక్టరీల్లో తయారుచేసేది ఉల్లి మీద మనం తిట్టుకునే నైగరే. జపాన్‌లో సోయాసాస్‌కి ఆస్పర్‌జిల్లస్ ఒరైజే లేనిదే పని జరగదు.

ఈ ఒరైజేకి అచ్చం కవలలాంటి బూజు ఒకటుంది... ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. సూక్ష్మదర్శిని కింద రెంటినీ విడదీయడం నిపుణులకే కష్టం. జన్యువుల్లోనూ తేడా స్వల్పమే. ఫ్లేవస్‌ని మనిషి తరతరాలుగా మచ్చిక చేసుకుంటే ఒరైజే అయిందని శాస్త్రవేత్తల మాట. ఒకటి వంటింట్లోకొచ్చింది, రెండోది విషం కక్కుతూ పొలంలోనే ఉండిపోయింది.

ఆ విషం సంగతి 1960లో ఇంగ్లండులో బయటపడింది. లక్షకు పైగా టర్కీ కోళ్లు కుప్పకూలాయి. ఆరా తీస్తే దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుసెనగ చెక్కలో ఈ బూజు విషం ఉందని తేలింది. ఆస్పర్‌జిల్లస్‌లోని 'ఆ', ఫ్లేవస్‌లోని 'ఫ్లా' కలిపి అఫ్లాటాక్సిన్ అన్నారు. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన పల్లెల్లో తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని కాలేయం చెడి 106 మంది చనిపోయారు. ఆ మిస్టరీని విప్పింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కాలేయ క్యాన్సర్‌కి దారితీస్తుంది.

అనంతపురం రైతుకి ఇది కొత్త కాదు. కాయ ముదిరే వేళ వాన ముఖం చాటేస్తే, నేల వేడెక్కి కాయ బీటలిస్తే ఫ్లేవస్ లోపలికి దూరుతుంది. సరిగా ఎండకముందే బస్తాలకెత్తితే ఇక దానికి పండగే. వేయిస్తే పోతుందనుకోవద్దు, వంటింటి వేడికి ఈ విషం పూర్తిగా విరగదు. పప్పులు ఏరేటప్పుడు ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ, పచ్చబూజు పట్టినవీ పక్కన పెట్టేయాలి. ఆ పక్కన పెట్టినవే చాలాచోట్ల గానుగకి వెళ్తాయి. రిఫైన్ చేస్తే నూనెలోని విషం దాదాపు పోతుంది, గానుగ నూనెకి ఆ వడపోత ఉండదు. ఎక్కువ భాగం మాత్రం చెక్కలోనే మిగులుతుంది. ఆ చెక్క గేదె తింటుంది... విషం కొంచెం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది. అందుకే కిలో పాలలో అది అర మైక్రోగ్రాము దాటకూడదని మన ఆహార భద్రత నిబంధనల్లో రాసి ఉంది.