ఆపరేషన్ మచ్చ దగ్గర ఉబ్బు.. బెల్టుతో పోదు!

పొట్ట ఆపరేషన్ అయ్యింది. కుట్లు మానాయి. కొన్నాళ్లకు ఆ మచ్చ దగ్గరే మెత్తటి ఉబ్బు మొదలైంది. దగ్గితే పెద్దదవుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే కొవ్వు గడ్డేలే అని వదిలేయకండి. అది ఇన్‌సిజనల్ హెర్నియా కావచ్చు.

ఎందుకొస్తుంది?

పైన చర్మం మానినా లోపలి కండరాల పొర గట్టిగా అతుక్కోకపోతే సందు ఏర్పడుతుంది. అందులోంచి కొవ్వు, పేగు ముందుకు తోసుకొస్తాయి. పొట్ట మధ్యలో నిలువుగా కోసిన ఆపరేషన్ల తర్వాత పదిమందిలో ఒకరిద్దరికి ఇది రావచ్చు. సిజేరియన్ అడ్డకోతతో ముప్పు తక్కువే. కుట్లకు చీము పట్టినా, ఊబకాయం, మధుమేహం, పొగతాగే అలవాటు, తగ్గని దగ్గు ఉన్నా ముప్పు పెరుగుతుంది.

ముప్కాల్, ఆర్మూర్ ప్రాంతాల్లో పసుపు తవ్వి, ఉడకబెట్టి, బస్తాలకెత్తే రోజుల్లో ‘ఈ పని కానీ, తర్వాత చూద్దాం’ అనుకోవడం సహజం. బెల్టు కాస్త ఆసరా ఇస్తుందే తప్ప సందును పూడ్చదు.

ఏ ఆపరేషన్ ఎవరికి?

సందు బాగా చిన్నదైతే కుట్లతో సరిచేయొచ్చు. చాలామందికి మాత్రం మెష్ (వల) అమర్చడమే మేలు. నెదర్లాండ్స్ వైద్యులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో మూడేళ్లలో హెర్నియా తిరగబెట్టింది కుట్లు మాత్రమే వేసినవారిలో 43 శాతం మందికి, మెష్ అమర్చినవారిలో 24 శాతం మందికి.

చిన్న, మధ్యస్థ సందులకు ల్యాప్రోస్కోపీ అనుకూలం. గాయం చిన్నది, చీము పట్టే ముప్పు తక్కువ. సందు పెద్దదైతే, ముఖ్యంగా 10 సెంటీమీటర్లు దాటితే, పొట్ట తెరిచి, కండరాల పొరలను విడదీసి దగ్గరకు చేర్చి, వాటి వెనక మెష్ పరచాల్సి రావచ్చు.

ముందే సిద్ధం కండి

షుగర్‌ను అదుపులోకి తెచ్చుకోండి, బరువు తగ్గండి. పొగతాగడం కనీసం నాలుగు వారాల ముందే మానండి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు బరువులెత్తకూడదు కాబట్టి పంట పనులు చూసుకుని, డాక్టర్‌తో మాట్లాడి తేదీ పెట్టుకోండి. సందు వెడల్పెంత, మెష్ ఏ పొరలో పెడతారు అని అడగండి. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కనుక్కోండి.

ఇలా ఉంటే ఆగొద్దు

ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, తీవ్రమైన నొప్పి, వాంతులు, మలబద్ధకం ఉన్నా, అక్కడి చర్మం ఎర్రబడినా పేగు ఇరుక్కుని రక్తప్రసరణ ఆగిపోతున్నట్టు కావచ్చు. చేత్తో బలంగా నొక్కకండి. ఏమీ తినకుండా, తాగకుండా, రాత్రయినా సరే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లండి.