గనిలో ఉద్యోగం, విశ్వవిద్యాలయంలో చదువు

భూమి పైపొరలోని రాళ్లన్నింటిలోనూ ఏదో ఒక మేరకు లోహాలు ఉంటాయి. అయితే సగటున ఒక టన్ను రాతిలో రాగి 50 నుంచి 60 గ్రాములకు, బంగారం కొన్ని మిల్లీగ్రాములకు మించదు కాబట్టి మామూలు రాతిని తవ్వి లోహం తీయడం ఏ విధంగానూ గిట్టుబాటు కాదు. ప్రకృతి తన ప్రక్రియల ద్వారా రాగిని దాదాపు వంద రెట్లు, బంగారాన్ని దాదాపు వేయి రెట్లు ఒకచోట పోగుచేస్తేనే అక్కడ గని తెరవడం గురించి ఆలోచించే వీలు కలుగుతుంది. ఆ పోగుపడడం ఎక్కడ, ఎప్పుడు, ఏ కారణాల వల్ల జరిగిందో, దానిని పైనుంచి ఎలా కనిపెట్టాలో, తవ్వితే ఖర్చుకు తగిన ఫలితం దక్కుతుందో లేదో తేల్చే శాస్త్రశాఖను ఆర్థిక భూవిజ్ఞానం అంటారు.

భూవిజ్ఞానంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి గనిలోనో అన్వేషణ సంస్థలోనో చేరిన యువతీయువకులకు మొదటి కొన్నేళ్లలో అప్పగించే పనుల్లో ముఖ్యమైనది కోర్ లాగింగ్. భూమిలోకి డ్రిల్లింగ్ చేసి బయటికి తీసిన స్తంభాకారపు రాతి ముక్కలను పెట్టెల్లో వరుసగా అమర్చి, ఏ లోతులో ఏ రాయి ఉందో, అది ఎక్కడ పగిలిందో, ఎక్కడ రంగు మారిందో, ఏ ఖనిజాలు కనిపిస్తున్నాయో గజం గజం నమోదు చేయడమే ఆ పని. ఏళ్ల తరబడి ఈ పని చేసినవారికి తమ నిక్షేపం మీద పుస్తకాలు ఇవ్వలేని పట్టు దొరుకుతుంది. కానీ ఆ పట్టు ఒకే నిక్షేపానికి పరిమితమైపోతుంది. తన పొలంలోని బావిని మాత్రమే తవ్వినవాడు ఊరంతటి భూగర్భజలపు పోకడను చెప్పలేనట్లే, ఒకే గనిని ఎరిగిన భూవిజ్ఞాని తనకు కనిపిస్తున్న లక్షణాల్లో ఏది ఆ గనికే ప్రత్యేకమో, ఏది ఆ జాతి నిక్షేపాలన్నింటికీ సామాన్యమో తేల్చుకోలేడు. ఈ కొరతను తీర్చడమే ఉద్యోగంలో ఉన్న భూవిజ్ఞానుల కోసం రూపొందిన స్నాతకోత్తర చదువు ప్రధాన ప్రయోజనం.

పోల్చి చూడడం వల్ల కలిగే మేలుకు అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రం చక్కని ఉదాహరణను అందించింది. అక్కడి శాన్ మాన్యుయెల్ రాగి గని పోర్ఫిరీ జాతికి చెందినది. భూగర్భంలో చల్లబడుతున్న శిలాద్రవం నుంచి వెలువడిన వేడి ద్రావణాలు చుట్టుపక్కల రాళ్లలోకి చొచ్చుకుపోయి, లెక్కలేనన్ని సన్నని పగుళ్లలో రాగిని నిక్షిప్తం చేయగా ఏర్పడిన విశాలమైన నిక్షేపాలను పోర్ఫిరీ నిక్షేపాలు అంటారు. ఆ ద్రావణాలు రాళ్లను కేంద్రం నుంచి బయటికి వలయాలు వలయాలుగా మారుస్తాయి. ఈ మార్పునే ఆల్టరేషన్ అంటారు. డేవిడ్ లోవెల్ అనే అన్వేషణ భూవిజ్ఞాని శాన్ మాన్యుయెల్‌లోని ఆ వలయాలు అసంపూర్ణంగా ఉన్నాయని గమనించి, నిక్షేపం ఒరిగిపోయి, ఒక భ్రంశం (ఫాల్ట్) వల్ల రెండుగా తెగిందని, తెగిన రెండో భాగం వేరొకచోట లోతున ఉండి తీరాలని ఊహించి, 1960ల నడుమ డ్రిల్లింగ్ చేయించి, కలమజూ అనే ఆ రెండో భాగాన్ని కనుగొన్నాడు. అనంతరం జాన్ గిల్బర్ట్‌తో కలిసి అనేక పోర్ఫిరీ నిక్షేపాలను ఒకదానితో ఒకటి పోల్చి 1970లో ప్రచురించిన వ్యాసం ఆ జాతి నిక్షేపాలకు నమూనా చిత్రంగా నిలిచి, తర్వాతి అన్వేషణకు దారి చూపింది.

ఇటువంటి తులనాత్మక దృష్టిని ఉద్యోగస్థులకు అలవరచే చదువుల్లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియా విశ్వవిద్యాలయం నిర్వహించిన మాస్టర్స్ కార్యక్రమం పేరెన్నికగన్నది. 1989లో హోబార్ట్ నగరంలో కోడ్స్ అనే పేరుతో ఏర్పడిన ఖనిజ నిక్షేపాల పరిశోధన కేంద్రం దీనికి ఆధారం. సెమిస్టర్ పొడవునా తరగతులు నడిపే పద్ధతిని పక్కనపెట్టి, ఒక్కొక్క పాఠ్యాంశాన్ని సుమారు రెండు వారాల పాటు ఉదయం నుంచి సాయంత్రం వరకు ఏకధాటిగా బోధించడం దీని విశేషం. మారుమూల గనుల్లో పనిచేసేవారు సెలవు పెట్టి వచ్చి ఒక అంశం ముగించుకొని తిరిగి పనికి వెళ్లి, ఆ తర్వాత మరో అంశానికి రావడానికి ఈ ఏర్పాటు వీలు కల్పిస్తుంది. వేర్వేరు దేశాల నుంచి, వేర్వేరు లోహాల గనుల నుంచి వచ్చినవారు ఒకే బల్ల చుట్టూ కూర్చొని తమ తమ నిక్షేపాల గురించి వాదించుకోవడం ఆచార్యుల ఉపన్యాసాలతో సమానమైన విలువగల పాఠం అవుతుంది.

ఈ చదువుకు హోబార్ట్ అనువైన స్థలం కావడానికి పశ్చిమ టాస్మేనియా భూగర్భమే కారణం. అక్కడ సుమారు 50 కోట్ల ఏళ్ల నాటి అగ్నిపర్వత శిలల్లో, 1936 నుంచి నడుస్తున్న రోజ్‌బరీ జింకు, సీసం గని ఉంది. పురాతన సముద్రగర్భంలో వేడినీటి ఊటల ప్రభావంతో ఏర్పడిన నిక్షేపాల జాతికి అది చెందుతుంది. అదే ప్రాంతంలో మౌంట్ లయల్ రాగి నిక్షేపమూ, గ్రానైటు నుంచి వచ్చిన ద్రావణాల వల్ల ఏర్పడిన రెనిసన్ తగరపు నిక్షేపమూ ఉన్నాయి. కొద్ది గంటల ప్రయాణంలో మూడు రకాల నిక్షేపాలను, వాటి కోర్ పెట్టెలను వరుసగా పరిశీలించిన విద్యార్థికి, పుస్తకంలో చదివిన వర్గీకరణ రాతి మీద రూపుకట్టి కనిపిస్తుంది.

క్షేత్ర పరిశీలనకు తోడుగా ప్రయోగశాల పద్ధతులు కూడా పాఠ్యక్రమంలో భాగమే. క్వార్ట్జ్ స్ఫటికం పెరిగేటప్పుడు అందులో చిక్కుకుపోయిన సూక్ష్మమైన ద్రవపు బుడగలను సూక్ష్మదర్శిని కింద వేడిచేసి, చల్లబరచి చూస్తే, ఖనిజాన్ని మోసుకొచ్చిన ద్రావణం ఎంత వేడిగా, ఎంత ఉప్పగా ఉండేదో అంచనా కట్టవచ్చు. జిర్కాన్ అనే ఖనిజంలోని యురేనియం ఎంత మేరకు సీసంగా మారిందో కొలిచి శిల వయస్సును నిర్ణయించవచ్చు. ముడిఖనిజపు గట్టిదనాన్నీ, రేణువుల పరిమాణాన్నీ ముందే తెలుసుకొని, మిల్లులో దానిని నలగ్గొట్టి లోహం తీయడం ఎంత సులువో ఎంత కష్టమో చెప్పే జియోమెటలర్జీ కూడా ఈ చదువులో చోటు సంపాదించుకొంది. రాయిలో లోహం ఉండడం వేరు, దాన్ని బయటికి రాబట్టగలగడం వేరు అన్న వివేకం గనికీ శాస్త్రానికీ మధ్య వంతెన వంటిది.

పనిలో ఉన్నవారి చదువు శాస్త్రానికే కొత్త దారి చూపగలదనడానికి దక్షిణాఫ్రికాకు చెందిన డానీ క్రీగ్ నిదర్శనం. విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల ప్రాంతంలో గని ఇంజనీరుగా పనిచేసిన ఆయన, కొద్దిపాటి నమూనాల ఆధారంగా వేసే అంచనాలు గొప్పగా కనిపించిన భాగాలను అసలుకంటే ఎక్కువగా, పేలవంగా కనిపించిన భాగాలను అసలుకంటే తక్కువగా చూపుతున్నాయని గుర్తించి, ఆ దోషాన్ని సంఖ్యాశాస్త్రంతో సవరించే మార్గాన్ని 1951లో తన మాస్టర్స్ సిద్ధాంత గ్రంథంలో ప్రతిపాదించాడు. ఫ్రాన్సుకు చెందిన జార్జి మాథెరాన్ దాన్ని పూర్తిస్థాయి గణిత సిద్ధాంతంగా తీర్చిదిద్ది, క్రీగ్ పేరు మీదనే క్రీగింగ్ అని పిలిచాడు. నేడు ప్రపంచమంతటా గనుల్లోని నిల్వలను లెక్కకట్టడానికి వాడుతున్న ముఖ్య పద్ధతుల్లో అది ఒకటి. గనిలో పుట్టిన ప్రశ్నను గనిలో ఉన్నవాడే విశ్వవిద్యాలయానికి తీసుకువెళ్లడం వల్ల దక్కిన ఫలం అది.

ఈ చదువుకు ప్రజల సొమ్ముతో ముడిపడిన మరో ప్రాధాన్యం ఉంది. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో అపారమైన బంగారం ఉందని ప్రకటించిన కెనడా సంస్థ బ్రీఎక్స్ వ్యవహారంలో, నమూనాల్లో బయటి బంగారాన్ని కలిపారని 1997లో వెల్లడై, మదుపరులు భారీగా నష్టపోయారు. ఆ తర్వాత కెనడా 2001లో కఠినమైన నివేదికా నిబంధనలను అమల్లోకి తెచ్చింది. అంతకుముందే, 1989లో ఆస్ట్రేలియాలో వెలువడిన జార్క్ నియమావళి ప్రకారం నిల్వల నివేదిక వెనుక ఒక అర్హుడైన నిపుణుడు పేరుతో సహా బాధ్యత వహించాలి. నివేదికలోని నిక్షేపం ఏ జాతిదో ఆ జాతి నిక్షేపాల్లో ఆయనకు కనీసం ఐదేళ్ల అనుభవం ఉండాలి. అయితే అనుభవపు ఏళ్లు మాత్రమే సరిపోవు. తన అంకెల్లో ఎంత అనిశ్చితి ఉందో తెలుసుకొని, దాన్ని దాచకుండా చెప్పగలిగే శాస్త్రీయ శిక్షణ కూడా ఆ సంతకం వెనుక ఉండాలి.

భారతదేశంలో ఈ అవసరం ఇటీవల బాగా పెరిగింది. లిథియం, బంగారం, రాగి, అరుదైన మృత్తికలు వంటి 29 ఖనిజాలకు అన్వేషణ లైసెన్సు ఇచ్చే విధానాన్ని 2023 నాటి గనుల చట్ట సవరణ ప్రవేశపెట్టింది. వీటిలో అనేకం లోతుగా దాగి ఉన్నందువల్ల, భూమి పైకి తేలిన రాళ్లను చూసి గుర్తించే పాత పద్ధతి చాలదు. ఈ సందర్భంలో హైదరాబాదుకు ఉన్న అనుకూలతలు గమనించదగినవి. అణు ఖనిజాల అన్వేషణ సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయాలు, 1976లో నెలకొన్న భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ శిక్షణ సంస్థ అక్కడే ఉన్నాయి. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో భూవిజ్ఞాన శాఖలున్నాయి. హైదరాబాదుకు దక్షిణాన పరచుకొన్న కడప హరివాణం (బేసిన్) స్వయంగా ఒక పాఠశాల. మంగంపేటలో ప్రపంచంలోనే అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో ఒకటి, తుమ్మలపల్లెలో డోలమైటు సంబంధిత శిలల్లో పొరగా వ్యాపించిన అసాధారణమైన యురేనియం నిక్షేపం, అగ్నిగుండాలలో రాగి, సీసం ఆ హరివాణంలోనే ఉన్నాయి. సుమారు 165 కోట్ల ఏళ్ల నాటి ఆస్ట్రేలియాలోని మౌంట్ ఐజా సీసం, జింకు నిక్షేపాలతో పోల్చి చదివితే, ఈ పురాతన హరివాణంలో ఇంకా ఏమేమి వెతకాలన్న ప్రశ్నలు స్పష్టంగా రూపుకడతాయి.

ఇటువంటి చదువుకు అడ్డంకులు లేకపోలేదు. ఫీజు భారం, కుటుంబ బాధ్యతలు, సెలవు దొరకకపోవడం ఒక ఎత్తు కాగా, సంస్థలు తమ డ్రిల్లింగ్ వివరాలను బయటపెట్టడానికి వెనుకాడడం మరో ఎత్తు. సిద్ధాంత గ్రంథాన్ని కొంతకాలం గోప్యంగా ఉంచి తర్వాత ప్రచురించే ఒప్పందాలతో రెండో చిక్కును పరిష్కరించవచ్చు. మొదటిదానికి సంస్థలు జీతంతో కూడిన సెలవును, ఫీజులో వాటాను భరించడమే మార్గం. ఒక్క డ్రిల్లింగ్ కార్యక్రమాన్ని తప్పుడు చోట చేపడితే వృథా అయ్యే సొమ్ముతో పోలిస్తే ఆ ఖర్చు స్వల్పమే. ఉన్న సంస్థలన్నీ చేతులు కలిపి, కడప హరివాణాన్నే క్షేత్రశాలగా చేసుకొని, రెండేసి వారాల పాఠ్యాంశాలతో పట్టా ఇచ్చే కార్యక్రమాన్ని ప్రారంభిస్తే, తమ గని ఒక్కటే ఎరిగిన తెలుగు భూవిజ్ఞానులు తమ నేలనంతటినీ కొత్తగా చదవగలుగుతారు. అన్వేషణకు కావలసిన యంత్రాలను కొనుక్కోవచ్చు. రాతిని చూసి సరైన ప్రశ్న అడిగే మనుషులను మాత్రం చదువే తయారుచేయాలి.