క్రీడా చికిత్సకు పెరుగుతున్న ఆదరణ: శిక్షణకు మాత్రం సూటి మార్గం లేదు

కోల్‌కతా: మాటలలో చెప్పుకోలేని భయాన్ని, దుఃఖాన్ని పసిపిల్లలు ఆటలో వెళ్లబోసుకుంటారు. ఆ ఆటను గమనించి, అర్థం చేసుకుని, బిడ్డ మనసు కుదుటపడేలా చేయడాన్నే 'ప్లే థెరపీ' లేదా క్రీడా చికిత్స అంటున్నారు. దీనిని వృత్తిగా స్వీకరించాలని ఉత్సాహపడే పట్టభద్రులకు మన దేశంలో ఇప్పటికీ సూటి మార్గం లేదు. మనస్తత్వ శాస్త్ర బోధనకు పుట్టినిల్లయిన కోల్‌కతాలో సైతం అభ్యర్థులు ఎక్కువగా ఇతర కోర్సుల మీదుగానే ఈ రంగంలోకి రావలసి ఉంటుంది.

దేశంలో తొలి మనస్తత్వ శాస్త్ర విభాగం 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రారంభమైంది. డాక్టర్ గిరీంద్రశేఖర్ బోస్ 1922లో ఇదే నగరంలో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని నెలకొల్పారు. ఆ దశాబ్దంలోనే మెలనీ క్లైన్ బెర్లిన్‌లో పిల్లల ఆటను చికిత్సా సాధనంగా మలచారు. అమెరికాకు చెందిన వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో వెలువరించిన గ్రంథంతో, బిడ్డే దారి చూపగా చికిత్సకుడు అనుసరించే పద్ధతి ప్రాచుర్యం పొందింది.

చూడటానికి సులువే

చికిత్స గదిలో బొమ్మల కుటుంబం, జంతువులు, బంకమట్టి, ఇసుక తొట్టె, డాక్టరు పెట్టె, ఆట టెలిఫోను వంటివి ఉంటాయి. ఏ బొమ్మతో ఆడాలో బిడ్డే నిర్ణయించుకుంటుంది. చికిత్సకుడు పాఠం చెప్పడు, ప్రశ్నలతో వేధించడు, తీర్పు ఇవ్వడు. బిడ్డ కనబరచిన కోపాన్నో బెంగనో గుర్తించి, తాను గుర్తించినట్లు ఆమెకు తెలియజేస్తాడు. తనకు గాని ఎదుటివారికి గాని దెబ్బ తగిలే పని చేయబోతే మాత్రం నిదానంగా హద్దు చూపుతాడు.

చూసేవారికి ఇది పిల్లలను ఆడించడంగానే తోచవచ్చు. అయితే తండ్రి బొమ్మను పదేపదే ఇసుకలో పూడ్చిపెట్టే బిడ్డ మరణాన్ని చూసిందా, హింసకు గురైందా, లేక కేవలం ఆడుకుంటున్నదా అన్నది తొందరపడి తేల్చరాదు. అరకొర శిక్షణతో చేసే ఊహ బిడ్డకు హాని చేయగలదు, కుటుంబంపై నింద మోపగలదు. అందువల్లనే అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేయడం ఈ శిక్షణకు ప్రాణమని భావిస్తారు. 1982లో ఏర్పడిన అమెరికా ప్లే థెరపీ సంఘం తన గుర్తింపు కోరేవారికి మాస్టర్స్ డిగ్రీతో పాటు 150 గంటల ప్రత్యేక బోధనను, పర్యవేక్షణలో అనుభవాన్ని నిబంధనగా పెట్టింది.

చట్టంలో కానరాని పేరు

మన దేశంలో 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టులు, ప్రత్యేక ఉపాధ్యాయులు, స్పీచ్ థెరపిస్టులు తదితరులు పేరు నమోదు చేయించుకోవాలి. నమోదు లేకుండా ఈ వృత్తులు చేపట్టేవారికి ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కాగా, మండలి గుర్తించిన వృత్తుల జాబితాలో ప్లే థెరపిస్టు ప్రత్యేకంగా లేకపోవడం గమనార్హం. ఫలితంగా, కొద్ది వారాల కోర్సు ముగించినవారికి, ఏళ్ల తరబడి శ్రమించినవారికి మధ్య తేడా తల్లిదండ్రులకు తెలియడం కష్టమవుతోంది.

కోల్‌కతా అనుభవం

సరైన శిక్షణ ఇస్తే ఏమి సాధించవచ్చో ఇదే నగరం చూపింది. 1974లో డాక్టర్ సుధా కౌల్ ప్రారంభించిన కేంద్రం తరువాత ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెరిబ్రల్ పాల్సీగా ఎదిగి, ప్రత్యేక ఉపాధ్యాయులను తీర్చిదిద్దుతోంది. సోహినీ చక్రవర్తి 2004లో స్థాపించిన 'కోల్‌కతా సంవేద్' సంస్థ అక్రమ రవాణా నుంచి బయటపడిన బాలికలకు నృత్యం ద్వారా సాంత్వన కలిగించే మార్గాన్ని చేపట్టింది. అలా కోలుకున్నవారిలో కొందరు తామే శిక్షకులయ్యారు. ముంబాయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థతో కలిసి సంవేద్ ఈ చికిత్సలో డిప్లొమా కోర్సును కూడా నడిపింది. క్రీడా చికిత్సకు సోదర శాఖ అనదగిన నృత్య చికిత్సకు విశ్వవిద్యాలయ స్థాయి కోర్సు సాధ్యమైనప్పుడు, క్రీడా చికిత్సకూ సాధ్యం కాకపోదు.

అభ్యర్థులు ఏం చేయాలి?

ముందుగా సైకాలజీ, సామాజిక సేవ, ప్రత్యేక విద్య, ఆక్యుపేషనల్ థెరపీలలో ఏదో ఒకదానిలో గుర్తింపు పొందిన పట్టా సంపాదించి, ఆపై క్రీడా చికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందడం క్షేమం. ఫీజు కట్టేముందు నాలుగు విషయాలు తేల్చుకోవాలి: పిల్లలతో ప్రత్యక్షంగా ఎన్ని గంటలు పనిచేయిస్తారు, ఎవరు పర్యవేక్షిస్తారు, ఆ పర్యవేక్షకుల అర్హతలేమిటి, చివరకు ఇచ్చే ధ్రువపత్రానికి ఎవరి గుర్తింపు ఉంది. తల్లిదండ్రులు కూడా తమ బిడ్డను అప్పగించేముందు చికిత్సకుని మూల అర్హతను, నమోదును అడిగి తెలుసుకోవచ్చు. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబివ్వడం చికిత్సకుని బాధ్యత.